గురవమ్మ నేర్చుకొచ్చిన కసరత్తు

గురవమ్మ నోరు మంచిదని పాలెంలో ఎవరూ అనరు. ఆమె మనవళ్ళయితే అసలే అనరు. కోడిని అదిలించినా, దేవుడికి దణ్ణం పెట్టినా ఆమె గొంతు ఒకటే తీరుగా ఉంటుంది. ఆ గొంతు వింటే పోలేరమ్మ తల్లికి కూడా కోరిక తీర్చేసి తొందరగా పంపించేద్దామని అనిపిస్తుందేమో. యాభై ఆరేళ్ళ మనిషి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళు అల్లూరు దాకా నడిచింది. అక్షరం ముక్క రాదు. అయినా ఒక్క విషయంలో మాత్రం పాలెం ఆడవాళ్ళు ఆమెను డాక్టరు కంటే ఎక్కువ నమ్మేవాళ్ళు. ఆ విషయం గర్భసంచి.

ఇరవై ఆరేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలు పుట్టాక, గురవమ్మ నెల్లూరు వెళ్ళి గర్భసంచి తీయించుకుని వచ్చింది. పాలెంలో ఆ పని చేయించుకున్న మొదటి మనిషి ఆమే. నెల తిరక్కుండానే గంప ఎత్తింది. "పీడ పోయింది. నేనిప్పుడు మగోడితో సమానం" అని బోరింగు దగ్గర నిలబడి ఊరంతటికీ వినబడేట్టు చెప్పింది. అది మొదలు, ఏ ఆడమనిషికి నెలనొప్పి వచ్చినా గురవమ్మే తోడు. ఆటో మాట్లాడేది. ఆసుపత్రిలో మంచం కింద చాప వేసుకుని పడుకునేది. నర్సులతో పోట్లాడేది. గంజి తెప్పించి తాగించేది. ముప్పై ఏళ్ళలో పద్నాలుగు మందిని అట్లా తీసుకుపోయి తీసుకొచ్చింది. పక్కింటి పిచ్చమ్మ వాళ్ళలో నాలుగోది.

పదిహేనోది తన కూతురు ఉష అవుతుందని మాత్రం గురవమ్మ ఎన్నడూ అనుకోలేదు.

ఉషకు ముప్పై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. మొగుడు ప్రసాద్ చెన్నైలో పెద్ద బోటు మీద పనికి పోతాడు. పదిహేను రోజులకో నెలకో వస్తాడు. ఉష తల్లి దగ్గరే ఉంటూ రొయ్యల షెడ్డుకు పోతుంది. అక్కడ పని రొయ్య తల తీసి, పెంకు వలిచి, ట్రేలో వేయడం. కాళ్ళకు రబ్బరు బూట్లు, కింద మంచు కరిగిన నీళ్ళు, ఎదురుగా పొడుగాటి స్టీలు బల్ల. పొద్దున ఎనిమిదికి నిలబడితే మధ్యాహ్నం అన్నానికి తప్ప కూర్చునేది లేదు. నిలబడి నిలబడి అందరూ ఒక కాలి మీదికి ఒరిగిపోతారు. ఉష కూడా ఒరిగింది. నడుస్తుంటే ఒక భుజం కొంచెం దిగినట్టు ఉంటుంది.

నెలకు మూడు రోజులు ఆమెకు ఆ బల్ల దగ్గర నిలబడడం చేతకాదు. రెండో కాన్పు తర్వాత మొదలైన నొప్పి, ఏడాదిగా మరీ ముదిరింది. పొత్తికడుపులో మొదలై నడుముకు చుట్టుకుని తొడల్లోకి దిగుతుంది. వాంతులవుతాయి. నెల్లూరులో పెద్దాసుపత్రికి పోతే స్కానింగు తీసి, లోపల ఏమీ లేదన్నారు, మాత్రలిచ్చారు. ఆ మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, ఇంకో రకం వాంతులు.

వినాయక చవితి వెళ్ళిన వారానికి ఉష మళ్ళీ బయట చేరింది. రెండో రోజు పొద్దున పంచలో చాప మీద ముడుచుకుని పడుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. పిల్లలు బడికి పోయారు. గురవమ్మ గడప దగ్గర కూర్చుని చేపలు కోస్తోంది.

"అమా" అంది ఉష, కొంగు తీసి. "నెల్లూరు పోదాం. నేనూ తీయించేసుకుంటా."

గురవమ్మ కత్తి ఆగింది.

"వద్దు."

"ఏందీ?"

"వద్దంటే వద్దు. గమ్ముగా పడుకో."

ఉష మోచేతి మీద లేచింది. నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ మొహంలో. "పద్నాలుగు మందిని తీసకపోయినావే! పిచ్చమ్మత్తకు నువ్వే గదా చెప్పింది, తీసేస్తే పీడ పోతాదని? నా కాడికొచ్చేతలికి వద్దా? వాళ్ళది నొప్పి, నాది నాటకమా?"

"అది కాదుమే..."

"మరేంది? సూపర్‌వైజరు మొన్న మొహానే చెప్పినాడు. నెలనెలా మూడు నాగాలు పెట్టేవాళ్ళను ఈ తూరి ఉంచుకోరంట. షెడ్డులో సగం మందికి సంచి లేదు, తెలుసా? హాయిగా వస్తావుండారు, పోతావుండారు. నెల్లూరు నర్సింగుహోములో అడిగినా. పిల్లలు పుట్టేసినారు గదా, ఇంకెందుకది, తీసేద్దాం అన్నాడు డాక్టరు. నువ్వూ ఇదే మాట గదా చెప్పేది ఇన్నేళ్ళూ!"

గురవమ్మకు మాట లేకుండా పోవడం పాలెంలో ఎవరూ చూడని వింత. ఆ పొద్దు చూడడానికి ఉష తప్ప ఎవరూ లేరు. ఆమె చేప పొట్ట చీల్చి, పేగులు తీసి, శుభ్రంగా ఉన్న చేపనే మళ్ళీ మళ్ళీ కడిగింది.

చెప్పని సంగతి ఒకటుంది. గర్భసంచి తీసిన రెండో ఏడు నుంచే ఆమె ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది. కారణం లేకుండా ఒళ్ళంతా పెనం కాగినట్టు కాగి, చెమటలు పోసి, మళ్ళీ చల్లబడేది. ముప్పై దాటకముందే మోకాళ్ళు ముసలిదానివయ్యాయి. నలభైలో గడప తట్టుకుని పడితే మణికట్టు విరిగింది. మరుసటేడు అదే మణికట్టు మళ్ళీ విరిగింది. సంచితో పాటు లోపల ఇంకేం తీశారో ఆమె అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మొగుడు వెంకయ్య దగ్గరకు వస్తే ఒళ్ళు బిగుసుకుపోయేది. ఆ మంచి మనిషి ఏమీ అనకుండా, గాలి కోసమని చెప్పి వాకిట్లో పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. పోయేదాకా వాకిట్లోనే పడుకున్నాడు.

ఇదంతా గురవమ్మ ఎవరికీ చెప్పలేదు. మొదట్లో, బోరింగు దగ్గర అంత గొప్పగా చెప్పుకున్నాక ఏ మొహంతో చెప్పాలని చెప్పలేదు. తర్వాత్తర్వాత, ఒకరు కాదు ఇద్దరు కాదు పద్నాలుగు మంది అయ్యాక, చెప్పడానికి నోరే రాలేదు. అంత పెద్ద నోరు, ఆ ఒక్క మాట దగ్గర మూతపడింది.

సాయంత్రం ఉష నర్సింగుహోముకు ఫోను చేసి తనే తేదీ తీసుకుంది. వచ్చే నెల రెండో సోమవారం. "నువ్వు తోడు రాకపోతే పిచ్చమ్మత్తను తీసకపోతా" అంది.

"ఒక్క నెల" అంది గురవమ్మ. "ఈ నెలలోపల నేను తగ్గిస్తా. తగ్గకపోతే నేనే ఆటో ఎక్కిస్తా, సరేనా?"

"నువ్వు తగ్గిస్తావా? దేంతో, తిట్లతోనా?"

దేంతోనో గురవమ్మకూ తెలియదు. వామునీళ్ళు, ఇంగువ, వేడి ఇటుక, ఆముదం అన్నీ ఎప్పుడో అయిపోయాయి. రెండు రోజులు కనబడిన మనిషినల్లా అడిగింది. చివరికి ఆటో పెంచల్ చెప్పాడు. ఆటో తోలి తోలి అతని నడుము పట్టేస్తే, అల్లూరులో లాజరస్ అని ఒకతను మందూ మాకూ లేకుండా, ఒళ్ళు సరిచేసే కసరత్తులు నేర్పి బాగుచేశాడట. ఆడవాళ్ళ నెలనొప్పికి కూడా నేర్పుతాడని పెంచల్ పెళ్ళాం ఎవరి దగ్గరో విన్నదట.

"మగోడా?" అంది గురవమ్మ.

"మగోడే అవ్వా. మంచోడు. చర్చిలో పాటలు గూడా పాడతాడు."

ఉష రానని తెగేసి చెప్పింది. ఒక నాగా అంటే ఒక నాగానే, పైగా మగవాడి ముందు పడుకోవడమా? గురవమ్మే వెళ్ళింది.

మందుల షాపు మీద ఒక గది. ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడ మీద ఎముకల మనిషి బొమ్మ. లాజరస్‌కు నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. సంగతేమిటని అడిగాడు. మగవాడి ముందు కూతురి ముట్టు మాట ఎత్తడానికి గురవమ్మకు సిగ్గేసింది. తనదని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు వేయలేదు, అదేం లెక్కో ఆమెకే తెలియాలి.

"నాకే నాయనా. నెలనెలా నొప్పి. చచ్చిపోతావుండా."

"వయసెంతవ్వా?"

"యాభై ఆరు."

లాజరస్ రాస్తున్న పెన్ను ఆపి చూశాడు. "ఇంకా అవుతా ఉందా?"

"ఎందుక్కాదు? గట్టి ఒళ్ళు."

"అయితే ఇది నా కాడ తేలేది కాదు. ఈ వయసులో ఇంకా రక్తం పడతా ఉంటే అనుమానించాల్సిన సంగతి. ఇప్పుడే నెల్లూరు పోయి లేడీ డాక్టరుకు చూపించుకో. నేను చీటీ రాసిస్తా."

గురవమ్మ నిజంగానే తనకు ఏదో అయిందన్నంత భయపడి, ఆ భయంలో ఉన్నదంతా కక్కేసింది. నొప్పి కూతురిదనీ, తనకు సంచి పోయి ముప్పై ఏళ్ళనీ, వచ్చే నెల ఆపరేషనుకు తేదీ తీసుకుందనీ. లాజరస్ నవ్వలేదు. స్కానింగులో ఏమన్నారని అడిగి, కాగితం తెచ్చిందేమో చూశాడు. గురవమ్మ రవికలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. చదివి, "లోపల గడ్డలూ అవీ లేవు. ప్రయత్నం చేయొచ్చు" అన్నాడు. "పూర్తిగా పోతుందని నేను చెప్పనవ్వా. కొంతమందికి బాగా తగ్గుతుంది, కొంతమందికి కొంచెమే. అమ్మాయిని తీసుకొస్తే చూసి చెప్తా."

"అది రాదు. నాకు నేర్పు. నేను దానికి నేర్పుతా."

"మనిషి మనిషికీ తేడా ఉంటుందవ్వా."

"నా కడుపున పుట్టిందే గదా. ఏం తేడా ఉంటాది?"

వదిలేట్టు లేదని లాజరస్ ఆమెను బల్ల మీద పడుకోమన్నాడు. గురవమ్మ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"తల ఉత్తరానికి పెట్టినావేంది? నన్ను పీనుగనుకున్నావా?"

"ఫ్యాను ఆడుంది అవ్వా. ఐదు నిమిషాలే. నిద్రపోవద్దులే."

"బతికుండగానే పడుకోబెడతావుండావు, ఎట్టాంటోడివయ్యా" అని గొణుగుతూ, పోలేరమ్మను తలుచుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది. మోకాళ్ళు మడవమన్నాడు. రెండు మోకాళ్ళూ జతగా ఒక పక్కకు వాల్చమన్నాడు, తర్వాత రెండో పక్కకు. ఒక పక్కకు కలుక్కుమంది. ఇంకో పక్కకు, ఏం వింతో, నడుములో ఎప్పుడో పడిన ముడి విప్పినట్టు హాయిగా ఉంది. ఎటు హాయిగా ఉంటే అటే మెల్లగా వాల్చి, ఊపిరి వదులుతూ మూడు లెక్కపెట్టేదాకా ఉంచి, ఒక్కసారిగా ఒళ్ళు వదిలేయమన్నాడు. మళ్ళీ కాసేపు కదలకుండా ఉండమన్నాడు. తర్వాత అదే పక్క మడమను గోడను తోసినట్టు మెల్లగా దూరంగా తోసి వదిలేయడం. బలవంతం కూడదు, నొప్పి రాకూడదు, రోజూ రెండు పూటలు, బయట చేరినప్పుడు కూడా చేయొచ్చు. ఇంతే.

"ఇదేనా?" అంది గురవమ్మ. ఇంత సుఖంగా ఉండేది వైద్యమెట్లా అవుతుందని ఆమె అనుమానం.

"ఇదే. నీకు ఎడమ పక్క హాయిగా ఉంది. గంప దించేటప్పుడు ఎడమ నడుముకు ఆనిస్తావు కదూ? మీ పాలెం వాళ్ళు చాలామంది అంతే."

"ఎడమా కుడీ నాకు చెప్పబాకు నాయనా. సముద్రం ఎటుండాది?"

పాలెంలో ఎవరూ ఎడమ, కుడి అనరు. పళ్ళెం సముద్రం పక్కకు జరుపంటారు, ఊరి పక్క భుజం నొప్పంటారు. సముద్రం ఎక్కడికీ పోదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. లాజరస్ కిటికీలోంచి చూసి, ఎండ ఎటు నుంచి వస్తోందో చూసుకుని, "నీ ఎడమ చెయ్యి ఉన్న పక్కే సముద్రం" అన్నాడు.

"అట్ట చెప్పు. సముద్రం పక్క మోకాళ్ళు వాల్చేది, సముద్రం పక్క మడమ తోసేది." దారి పొడుగునా ఆటోలో ఆ మాటే జపం చేసుకుంటూ వచ్చింది. పెంచల్‌కు కూడా కంఠతా వచ్చేసింది.

మర్నాడు తెల్లారుజామునే ఉషను లేపి పంచలో పడుకోబెట్టింది. తల దక్షిణానికి. ఇంట్లో ఎవరైనా ఉత్తరానికి తల పెడితే గురవమ్మ ఊరుకుంటుందా?

"మోకాళ్ళు మడువు. ఆఁ. సముద్రం పక్కకు వాల్చు."

ఉష వాల్చింది. పళ్ళు బిగించింది.

"ఉంచు. ఒకటీ, రెండూ, మూడూ. వదిలెయ్యి."

ఇట్లా ఇరవై రెండు రోజులు, రెండు పూటలా. ఉష ఒక్క మాట అనలేదు. అంతకు ముందు మాత్రలు మంటెక్కించాయి, సూదులు బొబ్బలెక్కించాయి. వైద్యమంటే నొప్పి పుట్టకుండా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గురవమ్మ కూతురి బిగిసిన దవడ చూసి, మందు పనిచేస్తోందనుకుని లెక్క ఇంకాస్త పెంచింది. మూడు కాస్తా ఐదు చేసింది.

ఆ నెల ఉష రెండు రోజులు ముందే, శుక్రవారం షెడ్డులో ఉండగానే బయట చేరింది. ట్రే ఎత్తబోయి, కళ్ళు చీకట్లు కమ్మి, మంచు నీళ్ళలో పడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని, తడి బట్టలతోనే పెంచల్ ఆటోలో తెచ్చి దించారు. ఇంతకు ముందు ఎన్నడూ అంత నొప్పి లేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. మూడోసారి కడుపులో ఏమీ లేక పసుపు నీళ్ళు వచ్చాయి. గోడకు తల కొట్టుకుంటుంటే గురవమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ తల అరచేతినే కొట్టింది, విరిగి అతికిన మణికట్టున్న చేతిని.

"చాలమా" అంది ఉష. ఏడవను కూడా ఓపిక లేదు. "చాలు. నీకు దణ్ణం పెడతా. సోమవారం పోదాం. ఇంక నన్నేం చేయించబాకు."

"ఉషా..."

"మాటిచ్చినావు. నువ్వే ఆటో ఎక్కిస్తానన్నావు."

అన్నది నిజమే. గురవమ్మ లోపలి గదిలోకి వెళ్ళింది. బియ్యం డబ్బా పక్కన నిలబడింది. తిట్టడానికి ఎవరూ లేరు. లాజరస్‌ను తిట్టింది, పెంచల్‌ను తిట్టింది, పోలేరమ్మ తల్లిని కూడా ఒక మాట అంది. తర్వాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పాపం, అది ఆలోచన కూడా కాదు. ఏం చేయాలో తెలియని మనిషి చేసే పని. ఆ పిల్ల ఇరవై రెండు రోజులు పడిందేమిటో తనూ పడదామని, నేల మీద వెల్లకిలా పడుకుంది. తల దక్షిణానికే. మోకాళ్ళు మడిచి సముద్రం పక్కకు వాల్చింది.

నడుములో కత్తి దిగినట్టయింది. "అమ్మో!"

అప్పుడే పిచ్చమ్మ, పడిపోయిందట ఉష, అంటూ లోపలికి వచ్చింది. వచ్చి, నేల మీద మోకాళ్ళు ఎత్తి పడుకున్న గురవమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందిమే ఇది? బిడ్డ ఆడ చస్తావుంటే నువ్వు ఈడ కసరత్తా?"

"నోరు ముయ్యి పిచ్చమ్మా. ఆడ హాయిగా ఉండింది. అదే కాళ్ళు, అదే సముద్రం. ఆడ హాయిగా ఉండి, ఈడ కత్తి ఎందుకు దిగుతాది?" గురవమ్మ పైకప్పు వంక చూస్తూ ఆలోచించింది. సముద్రం పక్క చెయ్యి ఎత్తి చూసుకుంది. అది గంప పట్టే చెయ్యి కాదు. అన్నం తినే చెయ్యి. లాజరస్ గదిలో సముద్రం పక్క ఉన్నది గంప పట్టే చెయ్యి.

"తల!" అని ఒక్క కేక పెట్టింది. "వాడు నా తల ఉత్తరాన పెట్టినాడు!"

పిచ్చమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గురవమ్మకు ఎప్పుడూ లేని వేగం వచ్చింది. పంచలోకి వచ్చి ఉష పక్కన కూలబడింది.

"బిడ్డా, ఒక్కసారి. ఈ ఒక్కసారే. ఇంక అడగను."

"ముట్టుకోబాకు."

"ముట్టుకోను. నువ్వే చెప్పు. మోకాళ్ళు సముద్రం పక్కకు వాలిస్తే ఎట్టుండాది, ఊరి పక్కకు వాలిస్తే ఎట్టుండాది? ఏది హాయి నీకు?"

ఉష కళ్ళు తెరిచి తల్లి మొహం చూసింది. "ఊరి పక్కే. మొదట్నించీ ఊరి పక్కే."

"మరి చెప్పలేదేమే? ఇరవై రోజులు ఎట్ట ఓర్చుకున్నావు?"

"నువ్వడిగినావా?"

ఆ ఇంట్లో అట్లాంటి ప్రశ్న అడిగే అలవాటు లేదు. గురవమ్మను ఆమె అమ్మ అడగలేదు, ఆసుపత్రిలో డాక్టరు అడగలేదు, తను పద్నాలుగు మందిలో ఏ ఒక్కరినీ అడగలేదు. లాజరస్ ఒక్కడే ఎటు హాయిగా ఉందని అడిగాడు. అదే అసలు కసరత్తు. ఆమె సముద్రాన్ని గుర్తుపెట్టుకుని, ఆ ప్రశ్నను మర్చిపోయి వచ్చింది.

"ఊరి పక్కకే వాల్చు. నీకు ఎంత వరకు బాగుంటే అంత వరకే. నేను లెక్కపెట్టను. నీకు వదలాలనిపించినప్పుడు వదులు."

ఉష వాల్చింది. వాలుతుంటే నుదురు ముడి పడలేదు. ఊపిరి పొడుగ్గా వదిలి ఒళ్ళు వదిలేసింది. కాసేపు అట్లాగే ఉంది. మళ్ళీ తనే మోకాళ్ళు ఎత్తి వాల్చింది. గురవమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. పిచ్చమ్మ కొంగుతో విసిరింది. మూడోసారో నాలుగోసారో అయ్యాక ఉష మడమ మెల్లగా గోడ వైపు తోసింది. మధ్యాహ్నం రెండు దాటాక చూస్తే నిద్రపోయి ఉంది. బయట చేరిన మొదటి రోజు ఆమె పగటిపూట కన్ను మూయడం ఏడాదిలో అదే మొదలు.

నొప్పి పోలేదు. సాయంత్రం లేచి, "ఉండాది. కానీ పొద్దుటి మాదిరి కాదు. కొరకడం లేదు, పట్టుకోనుండాది" అంది. గంజి తాగింది. తాగింది లోపలే నిలిచింది. శనివారం నాలుగుసార్లు చేసింది, గోడ పట్టుకోకుండా నడిచింది. ఆదివారం పిల్లలకు తల దువ్వింది. కానీ సోమవారం మాట ఆమె ఎత్తలేదు, గురవమ్మ ఎత్తలేదు. రెండు చీరలు, స్కానింగు కాగితం సర్దిన సంచి గోడకు తగిలించి ఉంది.

ఆదివారం సాయంత్రం పిచ్చమ్మ వచ్చి కూర్చుంది. "అయితే రేపు పోతావుండారా, లేదా?"

ఉష తల్లి వైపు తిరిగింది. "అదే నాకూ తెలీడం లేదు. మొన్న కొంచెం తగ్గింది. వచ్చే నెల తగ్గుతాదని ఎవరు చెప్పగలరు? తీసేస్తే ఒక్కసారితో పోతాది. అమా, నువ్వు నిజం చెప్పు. తీసినాక నీకు ఎట్టుండింది?"

గురవమ్మ పిచ్చమ్మను చూసింది. పిచ్చమ్మ లేకుండా ఉంటే చెప్పడం సులువుగా ఉండేది. పిచ్చమ్మ నాలుగోది. అప్పుడు పిచ్చమ్మకు ముప్పై ఒకటి. భయపడి ఆటో దిగిపోబోతే, చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎక్కించింది తనే.

"చెప్పుమే" అంది పిచ్చమ్మ. "బోరింగు కాడ చెప్పినట్టు చెప్పు."

"అది అబద్ధం" అంది గురవమ్మ. ఆ గొంతు ఎవరికీ తెలియని గొంతు, చాలా చిన్నది. "ఒళ్ళు కాలిపోయేది. ఎముకలు చెక్కపేళ్ళయినాయి. మీ నాయన వాకిట్లో పడుకునింది గాలికి కాదు. నేను మగోడి మాదిరి కాలేదు, ముసిల్దాన్నయినా, ముప్పై ఏళ్ళకే. నాకు తెలిసీ, తెలిసీ తీసకపోయినా అందరినీ. మొదటామెను తెలియక తీసకపోయినా, మిగతా వాళ్ళను నోరు లేక తీసకపోయినా."

పిచ్చమ్మ లేచి పోతుందనుకుంది గురవమ్మ. లేవలేదు.

"నాకూ అంతేమే" అంది. "నీకు బాగుండి నాకే ఇట్టా అయిందేమోనని, నా ఒంట్లోనే ఏదో దోషముందని, నేనెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళు పక్క పక్క ఇళ్ళల్లో ఉండి..." ఆ మాట పూర్తి చేయలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నీ నోరు పడిపోను గురవమ్మా. అరవాల్సిన కాడ అరవలేదు గదే."

గురవమ్మ తిరిగి తిట్టలేదు. ఆ తిట్టు తనకు రావాల్సిందేనని తల వంచుకుంది.

సోమవారం ఏడు గంటలకు పెంచల్ ఆటో వాకిట్లో ఆగింది. ఉష షెడ్డు టోపీ, బూట్లు సంచిలో పెట్టుకుని బయటకు వచ్చింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది.

"నేను రావడం లేదన్నా. ఈ నెలకు రాను" అంది. "వచ్చే నెల సంగతి వచ్చే నెల చూస్తా. తగ్గకపోతే అప్పుడు పెద్దాసుపత్రిలోనే ఇంకో లేడీ డాక్టరును అడుగుతా, తీయకుండా ఏముందో చెప్పమని."

"మరి నేను ఊరికే పోవాల్నా?"

"ఊరికెందుకు? వీళ్ళిద్దర్నీ ఎక్కించుకో. ఎముకల డాక్టరు కాడ దించు."

"నాకెందుకే ఎముకల డాక్టరు, ఇంత వయసొచ్చినాక?" అని గురవమ్మ మొదలుపెట్టింది. గొంతు తిరిగి వచ్చేసింది. ఉష తల్లి చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించింది. అక్కడ వదిలేసి, "యాడ నొప్పో, ఎట్టా నొప్పో ఆయనకు అంతా చెప్పు. గట్టి ఒళ్ళని చెప్పబాకు" అంది.

పిచ్చమ్మ అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది. గురవమ్మ జరిగి కూర్చోమంది, పిచ్చమ్మ జరగనంది. పెంచల్ ఆటో కదిలించాడు. వెనక ఉష కంపెనీ వ్యాను కోసం రోడ్డు వారన నిలబడింది, రెండు కాళ్ళ మీదా బరువు సమంగా వేసి, ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఆనించుకుని.